హస్తవాసికి వంతులు

తాళ్ళకట్టకి డాక్టరు కోసం వచ్చేవాళ్ళు బోర్డులు చదవరు. పేరు పక్కన ఎన్ని అక్షరాలున్నాయో, ఏ ఊళ్ళో చదివొచ్చాడో ఎవరికీ పట్టదు. బస్టాండులో దిగి, సోడాబండి దగ్గర నిలబడి, ఎవరి హస్తవాసి బాగుంటుందని ఒక్కటే అడుగుతారు. సోడాబండి ఆసామి సీసా కొడుతూనే డాక్టర్ సత్తిరాజు గారిది అంటాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ జవాబు మారలేదు. సత్తిరాజు గారిచ్చే గోళీ, పక్క వీధి డాక్టరిచ్చే గోళీ ఒకే కంపెనీవి. అయినా సత్తిరాజు గారి చేతిమీదుగా వస్తే జ్వరం సాయంత్రానికి దిగేది. పక్క వీధిలోనూ సాయంత్రానికే దిగేది గానీ, దాన్ని జనం దిగినట్టు ఒప్పుకునేవారు కాదు.

పల్లపులంక మంగతాయారు కూడా ఆ నమ్మకంతోనే, కుడిచేతి బొటనవేలికి నిమ్మకాయ తొడుక్కుని, ఒక మంగళవారం పొద్దున్నే షేరాటో ఎక్కింది. వేలికి గోరుచుట్టు లేచి ఆరోజుకి ఐదు రోజులు. నిమ్మకాయ మూడోది. మొదటి రెండూ ఆ వేడికి ఉడికినట్టయి నల్లబడ్డాయి. ఆమె లేసు అల్లుతుంది. అల్లికముల్లు నిలవాలంటే బొటనవేలే ఆధారం. ఆ వేలు పోతే చేతిలో ఎంత పనితనమున్నా పొయ్యిలో పోసినట్టే. వాళ్ళ పెదత్త ఇలాగే గోరుచుట్టుని అశ్రద్ధ చేస్తే ఎముక పుచ్చి వేలు సగానికి తీసేశారు. ఆ సగం వేలు మంగతాయారు చిన్నప్పట్నుంచి చూస్తూనే ఉంది. అందుకే మొగుడు రొయ్యల చెరువు కాపలా వదిలి రాలేనంటే మరిది దొరబాబుని తోడు తీసుకుని బయల్దేరింది.

సత్తిరాజు గారికది రెండు నిమిషాల పని. మీ ఊళ్ళో వానలెలా ఉన్నాయని అడుగుతారు. మనం జవాబు వెతుక్కునేలోగా చిన్న కత్తితో గాటు పెట్టి చీము తీసేస్తారు. నొప్పి తెలిసొచ్చేసరికి కట్టు కట్టేసి, వంకాయ తినొద్దని చెబుతూ ఉంటారు.

కానీ ఆయన ఇంటి అరుగు ఖాళీగా ఉంది. తలుపుకి ఒక కాగితం అంటించి ఉంది. ఊళ్ళో డాక్టర్లు ఐదుగురూ కలిసి బృంద వైద్యశాలగా ఏర్పడ్డారనీ, ఇకమీదట ఎవరూ విడిగా వైద్యం చెయ్యరనీ దాని సారాంశం. పెద్ద పట్నాల్లో ఇప్పుడంతా బృంద వైద్యమేనట. ఒకళ్ళకి తెలియనిది ఇంకొకళ్ళకి తెలుస్తుందట. కాగితం అడుగున ఒక బాణం గుర్తు వేసి ఉంది. దాన్ని పట్టుకుని వెళితే పాత ధాన్యం గోదాం వచ్చింది. దానికి సున్నం వేసి, పొడుగాటి వరండా తీసి, వరసగా ఐదు గదులు కట్టారు.

గుమ్మంలో ఒకతను చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. పేరు 'మీ వైద్యుణ్ణి మీరే తెలుసుకోండి'. మంగతాయారు ఊరి బడిలో పదో తరగతి వరకు చదివింది. దేన్నైనా తొందరపడకుండా చదివే అలవాటుంది. బల్లమీద కూర్చుని పుస్తకం మొదట్నుంచి చివరిదాకా చదివింది. బృందం అనగానేమి, బృందంలో రోగి స్థానమేమి, రోగికి బృందం పట్ల గల బాధ్యతలేమి అని మూడు అధ్యాయాలున్నాయి. అన్నీ తెలిసిన మాటలే. తన వేలికి గాటు పెట్టేదెవరో మాత్రం ఎక్కడా లేదు.

తొమ్మిదయింది. గంట మోగింది. ఖాకీ చొక్కా వేసుకున్న ముత్యాలనే మనిషి ఒకటో గదిలోంచి సత్తిరాజు గారిని వరండాలోకి తీసుకొచ్చాడు. ఆయన కుడిచేతికి మణికట్టు దాకా ఆకుపచ్చ గుడ్డసంచీ కట్టి ఉంది. దెబ్బేమైనా తగిలిందేమోనని మంగతాయారు పాపం అనుకుంది. ముత్యాలు సంచీ తాడు విప్పి, "షట్టరెత్తానండి" అని కేక వేశాడు. వెంటనే పిల్లల డాక్టరు వచ్చి సత్తిరాజు గారి చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరూ మూడు నిమిషాలు కదలకుండా నిలబడ్డారు. తరవాత పిల్లల డాక్టరు వెళ్ళి ఎముకల డాక్టరు చెయ్యి పట్టుకున్నాడు. ఎముకల డాక్టరు పళ్ళ డాక్టరు చెయ్యి, పళ్ళ డాక్టరు చివరి గదిలో ఉండే డాక్టర్ ఇందుమతి చెయ్యి. ఇందుమతికి ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. సర్జరీ, అంటే కోతల చదువు చదివి వచ్చిన మనిషి. మూడు నిమిషాలూ ఆవిడ పైకప్పు కేసి చూస్తూ నిలబడింది.

దొరబాబు మాత్రం కళ్ళార్పకుండా చూశాడు. వాడికి రెండెకరాల శివారు పొలం ఉంది. కాలవ చివర్న ఉండే పొలం అన్నమాట. "వదినా, ఇది మన కాలవ వంతులాగే ఉందే," అన్నాడు మెల్లిగా.

అన్నట్టుగానే అది కాలవ వంతే. బృందానికి పాలనాధికారిగా వచ్చినాయన భీమేశ్వరరావు, నీటిపారుదల శాఖలో డీఈగా చేసి రిటైరైనవాడు. వైద్యం తెలియని మనిషైతే ఏ డాక్టరు పక్షమూ వహించడని ఐదుగురూ ఏరికోరి తెచ్చుకున్నారు. ఆయన మొదటి మూడు రోజులూ వరండాలో కుర్చీ వేసుకుని చూశాడట. ఒకటో గది ముందు తొంభై మంది, ఐదో గది ముందు ఒక పిల్లి. మిగతా నలుగురు డాక్టర్లూ ఇది వ్యాపారమని, జనం మూఢత్వమని, ఏదేదో కారణం చెప్పారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఈ జబ్బుని ఆయన ప్రతి కాలవ మీదా చూశాడు. ఎగువ వాళ్ళు తోడేసుకుంటున్నారు, దిగువకి అందడం లేదు.

మంగతాయారు నిమ్మకాయ వేలు ముందుకు చాపి, సత్తిరాజు గారిని ఒక్క రెండు నిమిషాలు చూడనిమ్మని భీమేశ్వరరావుని అడిగింది. ఆయన కోప్పడలేదు. ఎదురుగా కూర్చోబెట్టి గోడమీది పటం చూపించాడు. ఐదు గదుల మీదుగా నీలం గీత ఒకటి సన్నబడుతూ వెళ్ళింది.

"చూడమ్మా, హస్తవాసి అనేది బృందానికి సంక్రమించిన ఉమ్మడి వనరు. లభ్యతలో లోపం లేదు, లోపమంతా పంపిణీలో ఉన్నది. కనుక వనరును ఎగువ నుండి దిగువకు క్రమబద్ధంగా విడుదల చేయుచున్నాము. ఒక చేతి నుండి మరొక చేతికి చేరునప్పుడు ఇరవై శాతం ఇంకిపోతుంది. ఒకటో గదిలో నూరు, రెండో గదిలో ఎనభై, ఆ విధంగా ఐదో గదికి నలభై ఒకటి చేరుతుంది."

"ఇరవయ్యే ఇంకిపోయిందని ఎలా తెలిసిందండీ?" అంది మంగతాయారు.

"కాలవల్లో అంతే ఇంకుతుంది."

ఆ మాటకి దొరబాబు అవునన్నట్టు తలూపాడు. వాడి చేలోకి నీళ్ళొచ్చేసరికి ఇరవై కాదు, అరవై ఇంకిపోతుందని కూడా చెప్పాడు. డీఈ గారు ఆ అంకె రాసుకున్నాడు.

మిగతాదంతా ఆయన నింపాదిగా వివరించాడు. దగ్గుకి, అజీర్తికి ముప్ఫై శాతం హస్తవాసి చాలు. జ్వరానికి యాభై. కత్తి పెట్టాలంటే డెబ్బై ఐదుకి తక్కువ కాకూడదు. కాబట్టి గోరుచుట్టు కొయ్యడానికి అర్హత ఉన్నవి మొదటి రెండు గదులే. రెండో గది పిల్లల డాక్టరుది. పన్నెండేళ్ళు దాటిన వేలు ఆయన ముట్టుకోడు. ఇక ఒకటో గదికి ఊళ్ళవారీ వంతులున్నాయి. ఎగువ ఊళ్ళకి ముందు, దిగువ ఊళ్ళకి తరవాత. పల్లపులంక మరీ శివారు కాబట్టి ఆ ఊరి వంతు వచ్చే శనివారం కాదు, ఆపై శనివారం. ఇంకా పదకొండు రోజులు. ఐదో గదికి మాత్రం వంతు లేదు, ఎప్పుడైనా వెళ్ళొచ్చు. ఎవరూ వెళ్ళడం లేదు కనక.

వేలు అన్ని రోజులు ఆగదని మంగతాయారు చెప్పింది. పైరు కూడా ఆగదని, అయినా వంతు వంతేనని డీఈ గారు అన్నాడు.

సత్తిరాజు గారు ఒకటో గదిలో తన కుర్చీలోంచి అంతా వింటున్నారు. ఆయన ఒప్పందం చదవకుండా సంతకం పెట్టిన మనిషి. మందుచీటీలు రాసేవాళ్ళకి చదవకుండా సంతకం పెట్టడం అలవాటే. ఇప్పుడు పొద్దున్న తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా తప్ప ఆయన చెయ్యి సంచీలోనే ఉండాలి. అన్నం తినడానికి విప్పుతారు, దాన్ని ఆవిరి నష్టం కింద రాస్తారు. మొన్న ఒక పెళ్ళిలో ఆయన మర్చిపోయి కుడిచేత్తో అక్షింతలు వేశారు. మర్నాడు నోటీసొచ్చింది. చేపల సంతలో ఎగువూరి ఆసామి ఒకడు పలకరింపుగా ఆయన చెయ్యి పట్టుకుని ఊపితే, అది కాలవకి గండి కొట్టడంతో సమానమని ముత్యాలు విజిలేశాడు. ముత్యాలు పాత లస్కరు. లాకుల దగ్గర కాపలా కాసి కాసి వాడికి ఎవరు దొంగతనంగా బోదె తవ్వుతారో మొహం చూస్తే తెలుస్తుంది.

మంగతాయారు ఐదో గదికి వెళ్ళింది. ఇందుమతి పిల్లిని కుర్చీమీంచి దించి ఆమెను కూర్చోబెట్టింది. నిమ్మకాయ మెల్లిగా లాగి, వేలు వెలుతురులో పెట్టి చూసింది. ఇది ఇవాళే కొయ్యాలి అంది. కత్తులపెట్టె తాళం కోసం ముత్యాలుని పిలిచింది. ముత్యాలు డీఈ గారిని అడిగొచ్చి, నలభై ఒకటిలో కత్తి లేదండి, గోళీలు మాత్రమే ఉన్నాయండి అన్నాడు. ఆవిడ వెళ్ళి తన చదువు గురించి, చేసిన కోతల గురించి డీఈ గారికి చాలాసేపు చెప్పింది. ఆయన శ్రద్ధగా విని, మీ చదువుని ఎవరూ శంకించడం లేదు డాక్టరమ్మా, మీరు దిగువన ఉన్నారు, అంతే, అన్నాడు.

ఆవిడ చీము పైకి పాకకుండా గోళీలు ఇచ్చింది. వేడినీళ్ళలో ఉప్పు వేసి రోజుకి మూడుసార్లు కాపడం పెట్టుకోమంది. ఎర్రచారలు మణికట్టు దాటి పైకి పాకితే గనక ఏ వంతూ చూడకుండా జిల్లా ఆసుపత్రికి పొమ్మంది. జిల్లా ఆసుపత్రి అంటే రేవు దాటి, రెండు బస్సులు మారి, అరవై మైళ్ళు.

ఊరికి తిరిగొచ్చాక దొరబాబు ఊరుకోలేదు. రామాలయం దగ్గర పదిమందినీ కూడేశాడు. జరిగింది చెప్పాడు. జనం విన్నారు. విని మండిపడ్డారు. కానీ డాక్టరు చేతికి సంచీ కట్టడమేమిటని గానీ, చెయ్యి పట్టుకుంటే హస్తవాసి ఎలా పారుతుందని గానీ అన్నవాళ్ళు పల్లపులంకలో ఒక్కరూ లేరు. పద్ధతి సరైనదే అన్నారు. వంతు తప్పు అన్నారు. తాతల నాటి నుంచీ నీళ్ళలో జరుగుతున్న అన్యాయమే ఇప్పుడు వైద్యంలోనూ జరుగుతోందనీ, శివారు వాళ్ళంటే ఎప్పుడూ ఇంతేననీ, ఈసారి తాడో పేడో తేల్చుకోవాలనీ తీర్మానించారు. మంగతాయారు వేలు గురించి మొదట్లో ఒకసారి మాట్లాడారు. తరవాత అవసరం రాలేదు.

గురువారం రెండు ట్రాక్టర్లలో వెళ్ళి గోదాం ముందు బైఠాయించారు. పాత నినాదమే, అక్షరం మార్చకుండా, శివారుకి ముందు ఎగువకి తరవాత అని అరిచారు. మంగతాయారుని ముందు వరసలో కూర్చోబెట్టి, వేలు బాగా కనబడేలా పైకెత్తి పట్టుకోమన్నారు. ఎత్తితే పోటు తగ్గింది కాబట్టి ఆమె కాదనలేదు. గోళీల వల్ల చారలు పైకి పాకలేదు గానీ వేలు దోసగింజలా నున్నగా, మెరుస్తూ, ముట్టుకుంటే ప్రాణం పోయేలా ఉంది. లోపల గుండె ఇంకోటి కొట్టుకుంటున్నట్టుంది.

డీఈ గారు బయటికొచ్చాడు. ట్రాక్టర్లు, తలపాగాలు, ఖాళీ బిందెలు, ఆ నినాదం చూసేసరికి ఆయన కళ్ళు చెమర్చాయి. రిటైరైన దగ్గర్నుంచీ ఆయన్ని ఎవరూ ఇలా ఘెరావ్ చెయ్యలేదు. కుర్చీలు తెప్పించి, మజ్జిగ ఇప్పించి, మీ ఆవేదన న్యాయసమ్మతమైనదే అన్నాడు. అయితే వ్యక్తులతో చర్చించడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఆయకట్టుదారులంతా హస్తవాసి వినియోగదారుల సంఘంగా ఏర్పడి, అధ్యక్షుణ్ణి ఎన్నుకుని, తీర్మానం చేసి పంపితే వంతు ముందుకి జరిపే విషయం సానుభూతితో పరిశీలిస్తానన్నాడు.

దొరబాబు మొహం వెలిగిపోయింది. జీవితంలో వాడు ఎప్పుడూ దేనికీ అధ్యక్షుడు కాలేదు.

"వదినా, ఇంక నీ వేలు నాకొదిలెయ్యి," అన్నాడు.

"వదిలెయ్యడానికి ఎన్నాళ్ళో లేదు లేరా, అదే ఊడొస్తుంది," అంది మంగతాయారు.

వాడికి వినబడలేదు. అప్పటికే ఓటర్ల జాబితా ఎలా రాయాలో కనుక్కుంటున్నాడు. జబ్బులున్నవాళ్ళకే ఓటా, జబ్బు రాబోయేవాళ్ళకి కూడానా అని పేచీ వచ్చింది. ఒంట్లో బాగున్నవాళ్ళు బీడు భూమి కిందికి వస్తారని, వాళ్ళకి అరవోటు చాలని డీఈ గారు తేల్చాడు. దొరబాబు తనకి పదేళ్ళుగా నడుంనొప్పి ఉందని రాయించుకుని పూర్తి ఓటు తెచ్చుకున్నాడు. ఆరోజు సాయంత్రంలోగా పల్లపులంకలో నూట ముప్ఫై మందికి ఏదో ఒక జబ్బు తేలింది.

ఎన్నిక శనివారం పెట్టారు. గోరుచుట్టుకి తొమ్మిదో రోజు. గోదాం వరండాలో బల్ల వేసి, పెద్ద రిజిస్టరు పరిచి, డీఈ గారు స్వయంగా కూర్చున్నాడు. పక్కన సిరా పెట్టె. సత్తిరాజు గారిని సంచీ చేత్తో సహా పరిశీలకుడిగా కూర్చోబెట్టారు. ప్రతి సభ్యుడూ తన పేరు ఎదురుగా వేలిముద్ర వెయ్యాలి.

మంగతాయారు వంతు వచ్చింది. రాత్రి కునుకు లేక ఆమె మొహం పీక్కుపోయి ఉంది. సంతకం వచ్చండీ, ఎడమ చేత్తో ఎలాగో గిలికేస్తాను అంది.

"సంతకం అక్షరజ్ఞానానికి నిదర్శనం మాత్రమేనమ్మా. ఇది హస్తవాసి సంఘం. హస్తమే సాక్ష్యం పలకాలి."

అయితే ఎడమ బొటనవేలు వేస్తానంది. స్త్రీలకి కుడిచెయ్యి అని నిబంధనలో ఉంది, ఎడమ చెల్లదు. వెయ్యకపోతే ఓటు లేదు. దొరబాబు వెనకనుంచి గొణిగాడు. అవతల పోటీ చేస్తున్నవాడికీ తనకీ ఓట్లు సరిసమానంగా ఉన్నాయట, ఒక్క ఓటు తగ్గితే శివారు బతుకు శివారులోనే ఉండిపోతుందట. మంగతాయారు తన వేలు చూసుకుంది. అధ్యక్షుడు వస్తే తీర్మానం, తీర్మానం వస్తే వంతు, వంతు వస్తే కత్తి. ఇంతకంటే దగ్గర దారి ఆమెకి కనబడలేదు. కళ్ళు గట్టిగా మూసుకుని చెయ్యి చాపింది.

డీఈ గారు ఆ వేలు పట్టుకున్నాడు. ముప్ఫై నాలుగేళ్ళలో ఆయన కొన్ని వేల మంది రైతుల చేత వేలిముద్రలు వేయించాడు. వేలిని సిరాలో అద్ది, కాగితం మీద ఒక అంచు నుంచి ఇంకో అంచుకి బరువు పెట్టి దొర్లించడం ఆయనకి చేతనైన విద్యల్లో కల్లా గట్టిది. ఆ రోజు కూడా ఏ లోపం లేకుండా దొర్లించాడు.

మంగతాయారు పెట్టిన కేకకి పెరట్లో పిల్లి గోడ దూకింది. గోరుచుట్టు చిట్లి, తొమ్మిది రోజుల చీమంతా రిజిస్టరు మీద చిమ్మింది. దొరబాబు పేరూ, కింద నాలుగు పేర్లూ, వాళ్ళ జబ్బులూ కొట్టుకుపోయాయి. మంగతాయారు నేలమీద కూలబడింది. తొమ్మిది రోజులుగా వేల్లో కొట్టుకుంటున్న గుండె టక్కున ఆగిపోయింది. ఆమెకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి గానీ అవి నొప్పికి వచ్చినవి కావు.

ఎవరో తగ్గిందా అని అడిగారు.

తగ్గిందంది. నిజమే కనక అంది.

జనమంతా డీఈ గారి చేతికేసి చూశారు. డీఈ గారు కూడా తన చేతికేసి చూసుకున్నాడు. అరచెయ్యి తిప్పి, మళ్ళీ వెనక్కి తిప్పి చూసుకున్నాడు. ఆ సందడిలో ఇందుమతి చివరి గదిలోంచి వచ్చి మంగతాయారుని రెక్క పట్టి లేపి లోపలికి తీసుకెళ్ళడం ఎవరూ గమనించలేదు. ముత్యాలు ఒక్కడే చూశాడు. కత్తులపెట్టె తాళం బల్లమీద పెట్టి, అటు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ వేలికి మత్తుసూది వేసి, చచ్చిన చర్మం కత్తిరించి, గోరుకింద మిగిలింది శుభ్రంగా తీసి, కట్టు కట్టింది. ఎముకకి ఏమీ కాలేదు, ఇంకో రెండు రోజులైతే చెప్పలేకపోయేదాన్ని అంది. రోజు విడిచి రోజు వచ్చి కట్టు మార్పించుకోమంది. మంగతాయారు రెండుచేతులూ ఎత్తి దణ్ణం పెట్టి, ఊరంతా చెబుతానమ్మా, మీ పేరు చెప్పి పంపిస్తానంది.

ఇందుమతి గుమ్మంలోంచి వరండాలోకి చూసింది. అక్కడ సత్తిరాజు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. నెల రోజుల్లో ఆయన అంత హుషారుగా కనబడటం అదే.

"చెయ్యంటే మీదండీ డీఈ గారూ. కత్తి లేకుండా కోశారు. నా వల్ల కాదు," అని సంచీ చెయ్యి ముత్యాలు ముందుకి చాపారు.

జనం చప్పట్లు కొట్టారు. అధ్యక్ష ఎన్నిక వాయిదా పడింది. డాక్టర్లు అక్కడికక్కడే సమావేశమై, హస్తవాసికి కొత్త మూలస్థానం బయటపడింది కాబట్టి ఎగువ గది డీఈ గారికి అప్పగించాలని తీర్మానించారు. డీఈ గారు కాసేపు మొహమాటపడ్డాడు. నిబంధన మనిషి కాబట్టి చివరికి తనే చెయ్యి చాపాడు. ముత్యాలు ఆకుపచ్చ సంచీ ఆయన చేతికి తొడిగి తాడు బిగించాడు.

ఇందుమతి తలుపు దగ్గరగా వేసింది. "నా పేరు మాత్రం ఎక్కడా అనకండి, మీకు పుణ్యముంటుంది," అంది.

మంగతాయారు కట్టు మార్పించుకోవడానికి వెళ్ళిన మొదటిరోజే ఒకటో గది ముందు నూట యాభై మంది ఉన్నారు. కడుపునొప్పి వాళ్ళు, కీళ్ళవాతం వాళ్ళు, నిద్ర పట్టనివాళ్ళు. డీఈ గారు ఒక్కొక్కరి వేలూ పట్టుకుని సిరాలో అద్ది రిజిస్టరు మీద దొర్లిస్తున్నాడు. నీలం వేళ్ళతో బయటికొచ్చినవాళ్ళు కొంచెం నెమ్మదించిందని చెబుతున్నారు. ఒంటిగంటకి షట్టరు దించేశారు.

ఒక్క చిక్కు వచ్చింది. సంచీ కట్టిన చేత్తో ఆయన సంతకాలు పెట్టలేడు. సంతకం కోసం విప్పితే అది వనరుని దుర్వినియోగం చెయ్యడం. విప్పడానికి ప్రత్యేక అనుమతి ఉండాలి. అనుమతి కాగితం మీద సంతకం పెట్టాల్సింది ఆయనే. అందుచేత ఆ రోజు నుంచి తాళ్ళకట్ట బృంద వైద్యశాలలో ఏ ఉత్తర్వూ మారలేదు. పద్ధతి తప్పని ఎవరికైనా తోచినా, దాన్ని రద్దు చేసే దారి లేదు. సత్తిరాజు గారు మాత్రం తన ఇంటి అరుగు మీద పడక్కుర్చీ వేసుకుని, కుడిచేత్తో విసనకర్ర విసురుకుంటూ పేపరు చదువుతున్నారు. ఎవరైనా వస్తే, నాకు హస్తవాసి పోయిందర్రా అని సంతోషంగా చెబుతున్నారు.

ఐదో గది సంగతి మూడో కట్టు రోజున తేలింది. తొమ్మిదింటికి చేతులు కలిపే సమయానికి ఇందుమతి వరసగా మూడుసార్లు మంగతాయారు కట్టు విప్పుతూ లోపలే ఉండిపోయింది. శివారు గదికి మూడు తడుపులు అందలేదని ముత్యాలు రాశాడు. డీఈ గారు నోటిమాటగా తీర్పు చెప్పాడు. ఆ గదిని కరువు ప్రాంతంగా ప్రకటించారు. ఇక అది ఆయకట్టు కిందికి రాదు. ఆయకట్టు కిందికి రానిదానికి శాతాలు లేవు, వంతులు లేవు, కత్తి మీద ఆంక్షలూ లేవు. ముత్యాలు కత్తులపెట్టె తాళం ఆవిడకే ఇచ్చేసి, తలుపుకి బోర్డు తగిలించాడు. 'ఈ గదిలో హస్తవాసి లేదు.'

కట్టు కట్టిన పదిహేనో రోజుకి మంగతాయారు వేలికి కొత్త చర్మం వచ్చింది. కట్టు తీసేయించుకుని ఆటో ఎక్కింది. పక్కన దిగువూరి మనిషి, నలభై ఏళ్ళావిడ కూర్చుంది. మెడవెనక సెగ్గడ్డ లేచి తల తిప్పలేకపోతోంది. ఒకటో గదికి వాళ్ళ వంతు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుందట. మంగతాయారు వేలు చూసి, నువ్వు ఏ గదికి వెళ్ళావమ్మా అని అడిగింది.

"చివరి గదికండి."

"బోర్డున్న గదికా? ఆవిడ హస్తవాసి ఎలా ఉంటుంది?"

మంగతాయారు అటూ ఇటూ చూసింది. ముందు సీట్లో ఇద్దరు మగవాళ్ళు సంఘం ఎన్నికల గురించి గట్టిగా మాట్లాడుకుంటున్నారు.

"అస్సలు లేదండి. ఉత్త వైద్యమే చేస్తుంది."

కొంతదూరం పోయాక ఆవిడ, తల తిప్పకుండానే కొంచెం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"పొద్దున్న ఎన్నింటికి వస్తుందీ?"